పని జరిగే చోటే ఫీడ్‌బ్యాక్: ఛత్తీస్‌గఢ్ మితానిన్ల పద్ధతి

ఉద్యోగికి ఫీడ్‌బ్యాక్ అనగానే కార్పొరేట్ ఆఫీసుల్లో ఏడాదికోసారి జరిగే అప్రైజలే గుర్తొస్తుంది. అంతకన్నా పనికొచ్చే ఉదాహరణ ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఉంది.

ఆ రాష్ట్రం 2002లో ‘మితానిన్’ కార్యక్రమం మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢీలో ఆ మాటకు నెచ్చెలి అని అర్థం. ఊళ్లోని ఒక్కో వాడ నుంచి ఎంపికైన ఈ మహిళా ఆరోగ్య కార్యకర్తల్లో చాలామందికి పెద్దగా చదువు లేదు. 2005లో దేశమంతటికీ వచ్చిన ఆశా వ్యవస్థకు ఈ అనుభవం ఒక పునాది. శిక్షణను తీర్చిదిద్దింది రాయ్‌పుర్‌లోని రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రం.

తరగతి గదిలో కొన్ని రోజుల పాఠాలతో ఆ శిక్షణ అయిపోదు. దాదాపు 20 మంది మితానిన్లకు ఒక ట్రైనర్ ఉంటారు. ఆమె కూడా ఆ ప్రాంతపు మహిళే. మితానిన్ వెంట ఇళ్లకు వెళ్లి, పని చూసి, అక్కడే సరిదిద్దడం ఆమె బాధ్యత.

అక్కడే చెప్పడం ఎందుకు ముఖ్యమో పసికందు ఊపిరి లెక్కపెట్టే పనిలో తెలుస్తుంది. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తే ప్రమాద సంకేతం. పసిబిడ్డల శ్వాస ఒకే తీరుగా సాగదు కాబట్టి పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పొచ్చు. అలా చేసిన కార్యకర్తతో ‘‘జాగ్రత్తగా చూడాలమ్మా’’ అంటే ఆమెకు అర్థమయ్యేది మందలింపు ఒక్కటే. ‘‘పదిహేను సెకన్లకే ఆపేశావు. నిమిషమంతా లెక్కపెట్టాలి. మళ్లీ చెయ్యి, నేనూ లెక్కపెడతా’’ అంటే తప్పేమిటో, దిద్దుకోవడం ఎలాగో రెండూ తెలుస్తాయి. ఇద్దరి అంకెలూ కలిశాయో లేదో అప్పుడే తేలిపోతుంది. తల్లి ముందు పరువు పోకుండా చెప్పడమూ ఇందులో భాగమే. రేపు ఆ ఇంటి గడప మళ్లీ తొక్కాల్సింది మితానినే.

ఆఫీసు ఫైళ్లలో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగిన సంగతి దేవ్ దత్ కేసు. ఆ ఇంజనీరు వార్షిక రహస్య నివేదికలో ఒక ఏడాదికి ‘గుడ్’ అని రాశారు, ఆయనకు మాత్రం చెప్పలేదు. ప్రమోషన్‌కు ‘వెరీ గుడ్’ కావాలి. మెచ్చుకోలులా కనిపించే ఆ మాటే అడ్డొచ్చింది. మంచైనా చెడైనా ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలపాల్సిందేనని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా దాన్నే ఖాయం చేసింది.