వారసులున్న గొంతు, వారసుల్లేని పాట

2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో పుట్టించి, అనుమతి లేకుండా వాడుకున్నారని ఆయన కొడుకు చరణ్ 2024లో నోటీసు పంపాడు. బాలు పోయింది 2020లో. ఆయన నెల్లూరు మనిషే. (తిప్పరాజువారి వీధిలోని ఇల్లు వేద పాఠశాలకే ఎందుకు ఇచ్చాడన్నది వేరే చర్చ.) ఆ గొంతుకి కొడుకున్నాడు, వకీలున్నాడు, పేపర్లు రాశాయి. మంచిదే. అదే జిల్లాలో ఇంకో పాట ఉంది. దాని సంగతేందని మేం అడుగుతున్నాం.

1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడుల్నీ కళాజాతాల్నీ పల్లెల్లోకి తెచ్చింది. దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. 1992లో జిల్లా అంతటా సారా వేలాలు అడ్డుకున్నారు. వీళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్లు. 1993 అక్టోబరు 1 నించి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పుస్తకాల్లోకి రోశమ్మ పేరు ఎక్కింది, మిగిలినోళ్లు 'దూబగుంట ఆడవాళ్లు'గానే ఉండిపోయారు. కూలి ఆడవాళ్ల పాటకి ఒక కవి అంటూ ఉండడు. ఒకామె ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు, ఊరు మారితే చరణం మారుతుంది.

ఇప్పుడు సునో, యూడియో వంటి వాటిలో 'జానపద బాణీ, డప్పు, ఆడ గొంతులు' అని రాస్తే చాలు, నిమిషాల్లో పాట తయారు. యూట్యూబుకి ఒట్టి శబ్దం సరిపోదు గనక దానికి విజువలైజర్ కడతారు. కంప్యూటరు శబ్దాన్ని మందరం, తారం అని ముక్కలు చేసి ఒక్కోదానికీ ఒక గీత ఇస్తుంది. డప్పు మోగితే కింది స్థాయి గీతలు ఎగురుతాయి, గొంతు లేస్తే నడిమివి. వెనక ఒక బొమ్మ, కింద పాట అక్షరాలు. ఇది కొత్త విద్యేం కాదు, 1970ల్లోనే అటారీ కంపెనీ ఇట్లాంటి పెట్టె అమ్మింది. కొత్తదల్లా పాడే మనిషి అక్కర్లేకపోవడం. పాత క్యాసెట్టు అట్ట మీద కనీసం గాయకుడి పేరుండేది గదా! ఇక్కడ గీతలే ఆడతాయి. వెనక బొమ్మ కూడా యంత్రానిదే అయితే, అది నేర్చుకున్న ఫొటోల్లో ఎవరెక్కువో వాళ్ల మొహమే వస్తుంది. కృష్ణపట్నం పక్క రొయ్యల గుంటల్లో కూలికి పోయే యానాది ఆడమనిషి ఆ లెక్కలో ఎంత?

2024 జూన్‌లో అమెరికా పెద్ద పాటల కంపెనీలు సునో, యూడియోల మీద కేసులు వేశాయి, తమ రికార్డులు అడక్కుండా వాడి యంత్రానికి నేర్పారని. 2025లో కొన్ని రాజీ పడ్డాయి. వాళ్ల చేతిలో కాగితాలున్నాయి. మనదేశంలో పాడినవాళ్లకు ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో వచ్చింది. ఈ గొంతు నాదేనని చూపించుకోగలిగినోళ్లకే అది అక్కరకొస్తుంది.

మన పిల్లలు ఈ యంత్రాన్ని ముట్టుకోవద్దని మేం అనడం లేదు. స్టూడియో అద్దె కట్టలేని వాడకి ఫోన్లోనే అంబేద్కర్ జయంతి పాట కట్టుకునే వీలొచ్చింది. దాన్ని కాదనం. అయితే పాత పాట బాణీ ఎత్తుకుంటే ఏ ఊరిదో, ఎవరి దగ్గర విన్నదో వీడియోలోనే రాయాలి. యంత్రం పాడిందయితే ఆ మాటా చెప్పాలి. బొమ్మకి వాళ్ల ఫొటోనే అడిగి పెట్టాలి.

1992లో ముప్పై ఏళ్లున్న ఆడమనిషికి ఇప్పుడు అరవై దాటింది. పాటలు వాళ్ల నోట్లో ఉన్నయ్. ముందు అక్కడికి ఫోను పట్టుకుని పోవాలి.