మున్నార్ వెళ్తున్నారా? బ్యాగ్ సర్దే ముందు ఈ విషయాలు తెలుసుకోండి..

పచ్చటి తివాచీ పరిచినట్టు టీ తోటలు.. మధ్యలో పాములా మెలికలు తిరిగే రోడ్డు.. పైనుంచి మెల్లగా దిగే పొగమంచు. కేరళలోని మున్నార్ వీడియో ఒక్కటి కనిపిస్తే చాలు, 'మనమెప్పుడు వెళ్దాం' అని ఫ్రెండ్స్ గ్రూపులో మెసేజ్ పడిపోతుంది. అయితే అక్కడికి ఎప్పుడు వెళ్లాలి? ఎలా వెళ్లాలి? ఏ టైంలో వెళ్లకూడదు? ఆ అందం వెనక ఎవరి కష్టం ఉంది? ఫుల్ డిటైల్స్ ఇవే..

మూడు నదులు కలిసే చోటు

ఇడుక్కి జిల్లాలో సముద్ర మట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది మున్నార్. ముదిరపుళ, నల్లతన్ని, కుండల అనే మూడు నదులు ఇక్కడ కలుస్తాయి. 'మూడు', 'నది' అనే మాటల నుంచే ఈ పేరు వచ్చిందని చెబుతారు. దక్షిణ భారతంలోనే ఎత్తైన శిఖరం ఆనముడి (2,695 మీటర్లు) కూడా ఇక్కడికి దగ్గర్లోనే ఉంది.

1877లో జాన్ డేనియల్ మన్రో అనే బ్రిటిష్ అధికారి ఈ కొండల్ని పూంజార్ రాజవంశం నుంచి లీజుకు తీసుకున్నారు. మొదట్లో కాఫీ, సింకోనా లాంటివి వేసి చూశారు. చివరికి ఇక్కడ నిలబడింది మాత్రం తేయాకే.

అంత పొగమంచు ఎక్కడి నుంచి వస్తుంది?

అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమ గాలికి పశ్చిమ కనుమలు అడ్డం పడతాయి. దాంతో గాలి కొండ ఎక్కాల్సిందే. పైకి వెళ్లేకొద్దీ అది చల్లబడి, అందులోని తేమ సన్నటి నీటి తుంపరలుగా మారుతుంది. దూరం నుంచి చూస్తే మేఘం.. మనం దాని లోపలే ఉంటే పొగమంచు. అంతే తేడా!

తేయాకుకు కావాల్సింది కూడా ఇదే వాతావరణం. వాన బాగా పడాలి, కానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. అందుకే వాలు కొండలు దానికి సరిగ్గా సరిపోతాయి. ఇంకో విషయం.. తేయాకు నిజానికి పొద కాదు. వదిలేస్తే చెట్టంత ఎదుగుతుంది. ఆకు కోయడానికి వీలుగా నడుము ఎత్తులో కత్తిరిస్తూ ఉంటారు కాబట్టే ఆ తివాచీ లుక్ వస్తుంది.

ఎప్పుడు వెళ్తే బెస్ట్?

సెప్టెంబర్ చివరి నుంచి మార్చి వరకు అనుకూలమైన సమయం. డిసెంబర్, జనవరిలో కొన్ని ఎస్టేట్లలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోయి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. స్వెటర్, సాక్సులు మస్ట్. అక్టోబర్, నవంబర్‌లో మధ్యాహ్నం దాటాక వర్షం పడే ఛాన్స్ ఎక్కువ. కాబట్టి వ్యూ పాయింట్లన్నీ పొద్దున్నే చూసేయడం మంచిది. మధ్యాహ్నానికి మంచు కమ్మేస్తే ఎదురుగా ఉన్న కొండ కూడా కనిపించదు.

12 ఏళ్లకోసారి కొండల్ని నీలంగా మార్చే నీలకురింజి పూలు 2018లో పూశాయి. మళ్లీ చూడాలంటే 2030 దాకా ఆగాలి.

మన దగ్గర్నుంచి ఎలా వెళ్లాలి?

మున్నార్‌లో రైల్వే స్టేషన్ లేదు. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, నెల్లూరు, తిరుపతి మీదుగా వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆలువాలో దిగొచ్చు. అక్కడి నుంచి రోడ్డు మార్గంలో సుమారు 110 కిలోమీటర్లు. ఫ్లైట్ అయితే కొచ్చి ఎయిర్‌పోర్టులో దిగాలి. దూరం ఇంచుమించు అంతే. మ్యాప్‌లో 110 కిలోమీటర్లే కదా అనుకోవద్దు, ఘాట్ రోడ్డు కాబట్టి నాలుగు గంటలు పడుతుంది. చీకటి పడకముందే పైకి చేరేలా ప్లాన్ చేసుకోండి.

మిస్ కాకూడని స్పాట్స్

* ఎరవికుళం నేషనల్ పార్క్: అరుదైన నీలగిరి తార్ అనే కొండ మేకల అడ్డా. సొంత వాహనాలు లోపలికి వెళ్లవు, పార్క్ బస్సులోనే వెళ్లాలి. అవి ఈనే సీజన్ కావడంతో ఏటా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో పార్క్ మూసేస్తారు. ఆ టైంలో వెళ్లేవాళ్లు ముందే చెక్ చేసుకోవాలి.

* టీ మ్యూజియం: నల్లతన్ని ఎస్టేట్‌లో ఉంది. కోసిన ఆకు మన కప్పులోకి ఎలా వస్తుందో దగ్గరుండి చూడొచ్చు. కిలో టీ పొడి కావాలంటే నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు కావాలి.

* టాప్ స్టేషన్: మున్నార్‌కు 32 కిలోమీటర్లు. ఈ పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు మున్నార్ నుంచి ఇక్కడి దాకా చిన్న రైలు నడిచేది. టీ పెట్టెలు ఇక్కడి నుంచి రోప్‌వే మీద తమిళనాడు వైపు కిందికి దిగేవి. 1924 వరదల్లో ఆ రైలు మార్గం కొట్టుకుపోయింది. మళ్లీ కట్టలేదు.

* కొలుక్కుమలై: సూర్యోదయం చూడాలంటే ఇక్కడికే. సూర్యనెల్లి నుంచి జీపులు మాత్రమే వెళ్తాయి. రోడ్డు బాగా గతుకులు. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి.

వర్షాకాలంలో రిస్క్ వద్దు

జూన్ నుంచి ఆగస్టు వరకు మున్నార్ ఇంకా అందంగా ఉంటుంది. అదే సమయంలో ప్రమాదకరం కూడా. 2018 ఆగస్టు వరదలకు పెరియవర వంతెన కొట్టుకుపోయింది. 2020 ఆగస్టు 6 రాత్రి పెట్టిముడిలో కొండచరియలు విరిగి, నిద్రలో ఉన్న టీ కార్మికుల ఇళ్ల మీద పడ్డాయి. 70 మంది బలయ్యారు. వాళ్లలో నలుగురి ఆచూకీ చివరికీ దొరకలేదు. కరెంటు, ఫోన్లు లేకపోవడంతో సంగతి బయటి ప్రపంచానికి తెల్లారాకే తెలిసింది.

అందుకే ఇడుక్కి జిల్లాకు రెడ్ లేదా ఆరెంజ్ అలర్ట్ ఉంటే బుకింగ్ డబ్బులు పోయినా సరే, ట్రిప్ వాయిదా వేసుకోండి. పొగమంచులో బండి నడపాల్సి వస్తే లో బీమ్ వేయండి, హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోనే కొడుతుంది. మలుపుల్లో బండి ఆపి ఫొటోలు దిగొద్దు.

రోడ్డు మీదికి అడవి ఏనుగులు రావడం ఇక్కడ మామూలే. రజనీకాంత్ సినిమా పేరుతో స్థానికులు 'పడయప్ప' అని పిలుచుకునే ఏనుగు బాగా ఫేమస్. వీడియో కోసం దగ్గరికి వెళ్లొద్దు. హారన్ కొట్టొద్దు. బండి వెనక్కి తీసి, దారి వదిలేయండి.

ఆ తోటలో వాళ్లను గమనించారా?

మీ ఫొటోలో చిన్నగా కనిపించే ఆ మనుషులు తోట కార్మికులు. వీళ్లలో ఎక్కువమంది తరాల క్రితం తమిళనాడు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లు. వరసగా ఉండే చిన్న క్వార్టర్లలోనే వీళ్ల జీవితం. పెట్టిముడిలో పోయింది ఇలాంటి కుటుంబాలే. 2015 సెప్టెంబర్‌లో వేలాది మంది మహిళా కార్మికులు బోనస్, కూలీ పెంపు కోసం రోడ్డెక్కారు. యూనియన్ నాయకుల్ని సైతం పక్కన పెట్టి తొమ్మిది రోజులు సమ్మె చేశారు. 20 శాతం బోనస్ సాధించుకున్నారు. 'పెంబిళై ఒరుమై', అంటే ఆడవాళ్ల ఐక్యత పేరుతో ఆ పోరాటం దేశమంతా తెలిసింది.

కాబట్టి తోటలోకి దిగే ముందు పర్మిషన్ అడగండి. మొక్కలు తొక్కొద్దు, కొమ్మలు విరవొద్దు. పని చేసుకునే ఆడవాళ్ల ఫొటో తీయాలంటే ముందు ఒక మాట అడగండి. వాళ్లకు అది టూరిస్ట్ స్పాట్ కాదు, డ్యూటీ. ప్లాస్టిక్ బాటిళ్లకు బదులు ఇంటి నుంచే స్టీల్ బాటిల్ తీసుకెళ్లండి.

మరి ఇంకేం.. వాతావరణం ఒకసారి చూసుకుని టికెట్ బుక్ చేసేయండి. తిరిగొచ్చాక పొద్దున్నే కప్పు టీ తాగుతున్నప్పుడు, ఆ ఆకు కోసిన చేతులు కూడా గుర్తొస్తే మీ ట్రిప్ సక్సెస్ అయినట్టే!