కాటుకరేకుల పొడ

జీవజాలానికి శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన చరిత్రను మన పాఠ్యగ్రంథాలు లినేయస్‌తో మొదలుపెట్టి లినేయస్‌తోనే ముగిస్తాయి. మొక్కలకు 1753లోనూ, జంతువులకు 1758లోనూ ఆయన స్థిరపరిచిన రెండుమాటల పద్ధతి నిస్సందేహంగా ముందడుగే. వూరికొక పేరున్న ప్రాణిని గురించి ప్రపంచమంతా వొకే పేరుతో మాట్లాడుకోగలగడం సామాన్య విషయం కాదు. అయితే ఆ పేర్లకు ముడిసరుకు ఎక్కడిది?

యీ ప్రశ్నకు కొంత సమాధానం విశాఖపట్నంలో దొరుకుతుంది. లినేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో చనిపోగా, ఆ వుద్యోగాన్ని ఈస్టిండియా కంపెనీ పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడికి యిచ్చింది. కంపెనీ చూపు లాభసాటి మొక్కల మీద. రస్సెల్ మాత్రం పాముల వెంట పడ్డాడు. ఏది విషసర్పమో, ఏది కాదో తేల్చడానికి కుక్కలమీదా కోళ్లమీదా పరీక్షలు చేశాడు. కోరమాండల్ తీరపు పాములను గురించి 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలో చాలా పాములు తెలుగు పేర్లతోనే కనిపిస్తాయి.

ఆ పేర్లను తీసిపారేయడానికి వీలులేదు. "పెద్ద పొడ" అంటే కొండచిలువ. "కాటుకరేకుల పొడ" అంటే రక్తపింజర. పొడ అనేది వర్గం, ముందున్న మాట విశేషం. లినేయస్ పద్ధతికీ దీనికీ పోలిక స్పష్టమే. కాని మనవాళ్లదని నెత్తిన పెట్టుకోవడమూ తప్పే. వొంటిమీది మచ్చలను చూసి, విషంలేని కొండచిలువనూ ప్రాణాంతకమైన రక్తపింజరనూ వొకే గాటకట్టిన వర్గీకరణ అది. కోరలను పరిశీలించిన శాస్త్రం ఆ రెంటినీ విడదీసింది. అక్కడ గెలుపు శాస్త్రానిదే.

గౌరవం దక్కిన తీరు మాత్రం వేరు. 1797లో జార్జి షా ఆ రక్తపింజరకు రస్సెల్ పేరు పెట్టాడు. నేటికీ అది దబోయా రస్సెలీ. పాములు పట్టి తెచ్చినవారూ, వాటి పేర్లు చెప్పినవారూ ఆ పేరులో లేరు. శాస్త్ర నియమాల ప్రకారం వివరణతో ముందుగా ప్రచురించిన పేరుకే హక్కు. జనం నోట ఎన్ని తరాలుగా నానినా లెక్కకు రాదు.

అయినా వొక తెలుగు మాట యీ తలుపు దాటింది. పసుపుపచ్చని పట్టెలున్న పామును రస్సెల్ "బంగారు పాము" అని నమోదు చేశాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ 1803లో ఆ మాటనే లాటినుకు మలచి, బంగారస్ అనే ప్రజాతిని ఏర్పరిచాడు. మన కట్లపాము కూడా అందులోనే చేరింది. దాని వొంటిమీద పసుపు పట్టెలు లేవు. అందుకే దాని శాస్త్రనామం బంగారస్ సెరూలియస్‌ను విడమరిస్తే, నీలి బంగారం అనవలసి వస్తుంది!