కానన్ క్యాట్: పాఠ్యం కేంద్రంగా రూపొందిన కంప్యూటర్ – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వ్యక్తిగత కంప్యూటర్ చరిత్రను విజేతల వరుసగా చెప్పడం పరిపాటి. ఆదేశాలను టైపు చేసే దశ నుంచి మౌస్, ఐకాన్లు, విండోల దశకు చేరడం అనివార్య పరిణామమనే అభిప్రాయం స్థిరపడింది. 1987లో కానన్ సంస్థ విడుదల చేసిన ‘కానన్ క్యాట్’ ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలింపజేస్తుంది. మౌస్, ఐకాన్లు లేనంతమాత్రాన ఇది వెనుకటి దశకు చెందిన యంత్రం కాదు. తెలిసి ఎంచుకున్న మరొక మార్గం.

నేపథ్యం

క్యాట్ రూపకర్త జెఫ్ రాస్కిన్. 1979లో ఆపిల్ సంస్థలో మాకింతోష్ ప్రణాళికకు శ్రీకారం చుట్టినవారు ఆయనే. సామాన్యులు సులభంగా వాడుకోగల చవకైన యంత్రం ఆయన లక్ష్యం. 1981లో ఆ ప్రణాళిక స్టీవ్ జాబ్స్ చేతికి వెళ్లింది. 1982లో ఆపిల్‌ను వీడిన రాస్కిన్ ‘ఇన్ఫర్మేషన్ అప్లయన్స్’ సంస్థను స్థాపించారు. తన భావాలను మొదట ఆపిల్ 2ఇ కంప్యూటర్‌కు అమర్చే ‘స్విఫ్ట్‌కార్డ్’లోనూ, తరువాత సంపూర్ణ యంత్రంగా క్యాట్‌లోనూ రూపొందించారు.

నిర్మాణం – పనితీరు

మోటరోలా 68000 ప్రాసెసర్, 256 కిలోబైట్ల మెమరీ, 9 అంగుళాల తెర, ఫ్లాపీ డ్రైవ్, మోడెమ్, కీబోర్డు – అన్నీ ఒకే పెట్టెలో ఇమిడి ఉండేవి. వినియోగదారుడు ప్రోగ్రామును ఎంచుకోవలసిన పని గాని, ఫైలుకు పేరు పెట్టవలసిన పని గాని లేదు. ఉత్తరాలు, పట్టికలు, లెక్కలు అన్నీ ఒకే సుదీర్ఘ పాఠ్యంలో భాగాలు. వాక్యం మధ్యలో రాసిన లెక్కకు అక్కడే సమాధానం రాబట్టవచ్చు.

ఈ పాఠ్యంలో సంచరించడానికి స్పేస్ బార్ కింద రెండు ‘లీప్’ కీలు ఉండేవి: ఒకటి ముందుకు, మరొకటి వెనుకకు. బొటనవేలితో లీప్ కీని అదిమిపట్టి, కావలసిన పదంలోని అక్షరాలను టైపు చేస్తూ ఉంటే కర్సర్ ఆ చోటికి దూకుతుంది. కీని వదలగానే మామూలు రాత కొనసాగుతుంది. ఒకే కీ వేర్వేరు స్థితులలో వేర్వేరు పనులు చేయడమే వాడుకరుల పొరపాట్లకు మూలమని రాస్కిన్ వాదన. అదిమిపట్టినంతసేపే అమలులో ఉండే స్థితి ఆ చిక్కుకు ఆయన చూపిన పరిష్కారం. 2000లో వెలువడిన ‘ది హ్యూమేన్ ఇంటర్‌ఫేస్’ గ్రంథంలో దీనినే ‘క్వాసీమోడ్’గా సిద్ధాంతీకరించారు.

ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. పాఠ్యంలోని పదాలు గుర్తున్నవారికే లీప్ ఉపకరిస్తుంది. తన రాతను తానే తిరిగి చూసుకునే రచయితకు అది వరం. ఇతరుల రాతలో మొదటిసారి అడుగుపెట్టినవారికి అంతగా తోడ్పడదు.

ఆదరణ

క్యాట్ ధర 1,495 డాలర్లు. కానన్ దీనిని కంప్యూటర్‌గా కాక, కార్యాలయాలకు ఉద్దేశించిన ‘వర్క్ ప్రాసెసర్’గా ప్రచారం చేసింది. సుమారు 20,000 యంత్రాలు అమ్ముడయ్యాయని అంచనా. కొద్ది నెలలకే ఉత్పత్తి నిలిచిపోయింది. టైపురైటర్‌ను తలపించే రూపం, వర్క్ ప్రాసెసర్ అనే పేరు దాని అసలు నూతనత్వాన్ని మరుగుపరిచాయని చెప్పవచ్చు.

ముగింపు

అమ్మకాల సంఖ్య యంత్రపు వాణిజ్య ఫలితాన్ని తెలుపుతుందే గాని, అది లేవనెత్తిన ప్రశ్నకు సమాధానం కాదు. మనిషి యంత్రపు స్థితులను గుర్తుపెట్టుకోవాలా, యంత్రమే మనిషి అలవాట్లకు ఒదగాలా? టైపు చేస్తుండగానే పదాన్ని వెతికిపెట్టే సౌకర్యం నేడు సర్వసాధారణం. మరి ఫైళ్లు, ప్రోగ్రాముల సరిహద్దులు మాత్రం చెరగలేదు. మార్కెట్‌లో ఓడిన ఆలోచనలను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే సాంకేతిక చరిత్ర సమగ్రమవుతుందని క్యాట్ ఉదంతం నిరూపిస్తున్నది.