వ్రతమార్గమున దైవజ్ఞానవ్యాప్తి

ఒక దేశమున వెలసిన దైవజ్ఞానము మఱియొక దేశమునకు నెట్లు చేరును? రాజశాసనములవలనను, పండితవాదములవలనను జేరునని చరిత్రకారులు తఱచుగా వ్రాయుదురు. అవియు హేతువులే. కాని వానితోపాటు నిశ్శబ్దముగాఁ బనిచేయు హేతువు వేఱొకటి కలదు. అది వ్రతాచరణము. ఇందులకు శ్రీవిల్లిపుత్తూరి గోదాదేవి రచించిన తిరుప్పావై చక్కని నిదర్శనము.

తిరుప్పావై ముప్పది పాశురముల ద్రావిడప్రబంధము. మార్గశీర్షమున కన్యలు వేకువనే లేచి, యొకరినొకరు మేలుకొలుపుచు, స్నానమాడి నోము నోఁచుట యిందలి యితివృత్తము. నోము గృహాచారము, అందు నెలకొల్పఁబడినది నారాయణపరత్వము. శాస్త్రము చదువనివారికిని శరణాగతి యనఁగా నేమో యీ నోముపాట తెలుపును. ఆళ్వారుల పాశురములను నాథముని సంకలనము చేసిన పిదప నివి దేవాలయముల యనుసంధానమునఁ జేరినవి. ధనుర్మాసమున తిరుమలయందు సుప్రభాతమునకు మాఱుగా తిరుప్పావై పఠించుట నేఁటికిని ఆచారము. తెలుఁగుదేశపు వైష్ణవాలయములందును ఆ నెల దినమున కొక పాశురము చొప్పున ననుసంధానము జరుగును, భోగినాఁడు గోదాకల్యాణము. అరవ మెఱుఁగని యిల్లాండ్రు సైతము తెలుఁగులిపిలో నీ పాశురములను జదువుకొనుచున్నారు.

శ్రీకృష్ణదేవరాయలు (1509-1529) కళింగదండయాత్రాసమయమున కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున కేఁగి, హరివాసరమున నుపవసించెననియు, ఆ రాత్రి స్వప్నమున నాంధ్రవిష్ణువు గోచరించి తన గోదాపరిణయమును తెలుఁగున రచింపుమని యానతిచ్చెననియు ఆముక్తమాల్యద యవతారికవలనఁ దెలియుచున్నది. ఇందలి క్రమము గమనింపఁదగినది: వ్రతము ముందు, కావ్యము తరువాత. ఆ కావ్యముననే మాలదాసరి ప్రతిదినము తెల్లవాఱకమునుపే కుఱుంగుడి స్వామికడ కేఁగి పాడు నియమమును ప్రాణాపాయమునందును విడువక, పాటఫలముచే బ్రహ్మరాక్షసుని యుద్ధరించును. లోకము దూరముంచినవాఁడు, బ్రాహ్మణుఁడై పుట్టి రాక్షసత్వము నొందినవానికిఁ దారకుఁడగుట వ్రతమహిమయే కదా!

దీనికి రెండవ పార్శ్వమును జూడవలయును. మార్గశీర్షవ్రతగీతములలోనిదే మాణిక్యవాచకుని తిరువెంబావై యను శైవగీతము. అది సముద్రము దాఁటి సయాముదేశము, అనఁగా నేఁటి థాయిలాండు, చేరినది. బ్యాంకాకున రాజాస్థానబ్రాహ్మణులు జరుపు త్రియంపవాయి యుత్సవమునకు నీ గీతమువలననే పేరు వచ్చినదని పండితు లందురు. ఉత్సవాంగమైన మహాడోలోత్సవము 1935లో నిలిచిపోయెను. దేవాలయమున పూజ మాత్రము నిలిచియున్నది. కాని తరతరములుగా వల్లింపఁబడిన తమిళపదముల యర్థము వల్లించువారికే మఱుఁగుపడినది.

ఈ రెండు దృష్టాంతములనుండి తేలునది యిది. దేవుని నామమును, రూపమును, కాలనియమమును దూరదేశములకు మోసికొనిపోవునది వ్రతము. అచ్చట నర్థమును నిలుపునది దేశభాషలోని బోధ. ఆంధ్రదేశమున నీ రెండును గూడినవి. సయామున మొదటిదే మిగిలినది. పదము చేరినను నర్థము చేరనిచో జ్ఞానవ్యాప్తి సగములోనే యాగినదనవలయును. కావున ధనుర్మాసమున గుడులయందును బడులయందును పాశురపఠనము జరుగుచోట, దానివెంట తెలుఁగున దాత్పర్యము చెప్పు నాచారమును విడువరాదని పండితులకు సవినయముగా విన్నవించుచున్నాము.