ఆ క్రాపు వెనక చేతులు

మగవాళ్ళ జుట్టుకి చరిత్ర ఉందంటే చాలామంది నవ్వుతారు. ఆడవాళ్ళ జడ గురించయితే కావ్యాల నిండా ఉంది, మగాడి క్రాపు గురించి రాయడానికేముంది అంటారు. కానీ ఎవరు ఎలాంటి జుట్టు కోరుకోవచ్చు, దాన్ని ఎవరి చేతులు కత్తిరిస్తాయి, చివరికి ఆ పని ఎవరి పేరు మీద నిలుస్తుంది అని అడిగి చూస్తే క్రాపు అంత చిన్న విషయం కాదు. ఇంగ్లీషు గాయకుడు డేవిడ్ బౌవీ క్రాపు కథ చదువుతున్నప్పుడు నాకీ ప్రశ్నలు మొదలయ్యాయి.

1972లో బౌవీ 'జిగ్గీ స్టార్‌డస్ట్' అనే పాత్రని సృష్టించుకుని, ఆ వేషంలోనే పాడాడు. ఆ ఏడాది జూలై 6న బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్' కార్యక్రమంలో కనిపించేసరికి అతని జుట్టు నిప్పురంగులో ఉంది. నడినెత్తిన నిక్కబొడుచుకుని, చెవుల దగ్గర కురచగా, మెడ మీదకి పొడుగ్గా దిగే అంచెలంచెల క్రాపు. అది మగా ఆడా కాని రూపమనీ, తిరుగుబాటనీ అప్పటినుంచీ రాస్తూనే ఉన్నారు. అదంతా నిజమే కావచ్చు. మరి ఆ కత్తెర పట్టుకున్నదెవరు?

సూజీ ఫసీ అనే అమ్మాయి. లండన్ దక్షిణాన బెకెన్‌హామ్‌లో ఆడవాళ్ళు వెళ్ళే ఒక మామూలు సెలూన్‌లో పనిచేసేది. బౌవీ వాళ్ళమ్మ మిసెస్ జోన్స్ తలంటించుకుని జుట్టు సెట్ చేయించుకోవడానికి ప్రతివారం ఆమె దగ్గరికే వచ్చేది. వచ్చినప్పుడల్లా కొడుకు గురించి గొప్పగా చెప్పుకునేది. తర్వాత బౌవీ భార్య ఏంజీ వచ్చి తన జుట్టు కత్తిరింపించుకుంది. ఆ పని నచ్చి సూజీని తమ ఇంటికి పిలిపించింది. అంటే ఈ క్రాపు బౌవీ దాకా చేరిన దారంతా ఆడవాళ్ళదే. వారం వారం సెలూన్ కుర్చీలో సాగే ఆ మాటల్ని చరిత్ర సోది కింద కొట్టిపారేస్తుంది.

బౌవీ ఆమె ముందు పెట్టినవి ఆడవాళ్ళ ఫ్యాషన్ పత్రికల్లోని బొమ్మలు. ఇది ఆడవాళ్ళ స్టైల్ కదా అని ఆమెకి అనిపించింది. అయినా కత్తెర తీసుకుంది. అంచెల క్రాపులో కిటుకంతా బరువులో ఉంటుంది. జుట్టుని పాయలు తీసి, దువ్వెనతో తలకి దూరంగా పైకి లాగి పట్టుకుని, పై పొరని కింది పొరకన్నా పొట్టిగా కత్తిరించాలి. అప్పుడు పై వెంట్రుకల బరువు తగ్గి అవి లేస్తాయి. కానీ బౌవీది పల్చటి, మెత్తటి జుట్టు. ఎంత కత్తిరించినా నిలబడకుండా వాలిపోయింది. రంగు వేస్తే వెంట్రుక స్వభావం మారుతుందని సూజీకి తన పనిలో తెలుసు. పెరాక్సైడ్ వెంట్రుక పైపొరని తెరిచి, ఉబ్బించి, గరుకుగా చేస్తుంది. 30 వాల్యూమ్ పెరాక్సైడ్‌తో ఎర్రరంగు కలిపి వేసింది. జుట్టుకి రాసే జెల్ అప్పట్లో అందుబాటులో లేదు కనుక చుండ్రుకి వాడే ఒక మందుని రాసి ఆరబెట్టింది. జుట్టు నిలబడింది. అంటే ఆ నిప్పురంగు వట్టి అలంకారం కాదు, జుట్టుని నిలబెట్టడానికి దొరికిన ఉపాయం కూడా. తిరుగుబాటుగా పేరుపడ్డ దానిలో సగం, పని చేసేటప్పుడు ఎదురైన చిక్కుకి ఆమె వెతుక్కున్న జవాబు.

తర్వాత ఆమె సెలూన్ మానేసి, జుట్టూ దుస్తులూ చూసుకుంటూ ఆ బృందంతో ఊరూరా తిరిగింది. తన కథ తనే 'మీ అండ్ మిస్టర్ జోన్స్' పేరుతో పుస్తకంగా వేసింది 2024లో. అంటే యాభై రెండేళ్ళ తర్వాత!

అంచెల క్రాపు మన ఊళ్ళలో 'స్టెప్ కటింగ్' అయింది. నా చిన్నతనంలో, 1980లలో, మా అన్నయ్యలు సినిమా హీరోల బొమ్మలు పట్టుకుని కటింగ్ షాపుకి పోయేవాళ్ళు. అక్కడ కత్తెర పట్టేదీ మగవాడే, కూర్చునేదీ మగవాడే. ఆ షాపతని తల్లి మా వీధిలో మంత్రసాని. మంగలి కులంలో చాలాచోట్ల పురుళ్ళు పోసిన చేతులు స్త్రీలవే. మమ్మల్ని భూమ్మీదకి తెచ్చిన ఆ చేతులకి షాపులో చోటు లేదు. మాకా, జుట్టు ఎంచుకోవడమనే మాటే లేదు. జడ వేసుకోవాలి, అంతే. క్రాపు కావాలంటే 'మగరాయుడివా?' అనేవాళ్ళు. ఆడదాని తలమీద కత్తి పడేది తిరుపతి మొక్కుకీ, మా అమ్మమ్మల కాలపు బ్రాహ్మణ ఇళ్ళలో వైధవ్యానికీ. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిన తర్వాత కూడా ఎన్నో ఏళ్ళపాటు ఎంతోమంది ఆడపిల్లల తలలు బోడి అవుతూనే ఉన్నాయి. పిలక తీసేసి క్రాపు పెట్టుకున్న మగవాడు ఆధునికుడయ్యాడు. జుట్టు తీయించుకున్న ఆమె అపశకునమయింది.

అందుకే బౌవీ ఆడవాళ్ళ జుట్టు పెట్టుకున్నాడని మురిసిపోయే వ్యాసాలు చదువుతుంటే నాకు పూర్తిగా సంతోషం కలగదు. గీత దాటిన మగవాడికి చప్పట్లు, అదే గీత దాటిన ఆడదానికి చీవాట్లు. దాటించిన చేతులకి మాత్రం పేరే లేదు. అతని సాహసాన్ని నేను కాదనను. ఆ సాహసానికి ఆకారమిచ్చిన నైపుణ్యాన్ని కూడా చరిత్ర అనమంటున్నాను.

తిరుమల కళ్యాణకట్టలో ఇవాళ స్త్రీలు కూడా తలనీలాలు తీస్తున్నారు. ఊరూరా బ్యూటీపార్లర్లలో ఎంతోమంది అమ్మాయిలు రోజంతా నిలబడి, కాళ్ళు వాచేలా పనిచేస్తూ, ఏ జుట్టు ఎలా వంగుతుందో వేళ్ళతో నేర్చుకుంటున్నారు. వాళ్ళకి తెలిసినదంతా వాళ్ళ మాటల్లోనే ఎవరం రాసిపెడుతున్నాం? దానికి కూడా యాభై రెండేళ్ళు ఆగాలా?