ఎమ్యులేటర్
కేపీహెచ్‌బీ హాస్టళ్లలో యాప్‌లు రాసే కుర్రాళ్లకు ఎమ్యులేటర్ అంటే ల్యాప్‌టాప్‌లో తెరుచుకునే ఫోన్. మాట మాత్రం ఆండ్రాయిడ్ కంటే చాలా పాతది. లాటిన్‌లో ‘ఎమ్యులస్’ అంటే పోటీదారు. పాత యంత్రాల ప్రోగ్రాములను కొత్త సిస్టమ్/360 మీద నడిపించే ఏర్పాటుకు 1960లలో ఐబీఎం వాళ్లు ఈ పేరు పెట్టారు.

అసలు పోటీ శబ్దం దగ్గరే. 1980లలో క్లాస్ పథకం కింద మన దేశంలోని బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో శబ్దాల కోసం ఎస్ఎన్76489 చిప్ ఉండేది: మూడు స్వరాలు, ఒక రొద. 40 లక్షల హెర్ట్జ్ గడియారాన్ని 32తో, ఆపైన మనమిచ్చిన అంకెతో భాగిస్తుంది. 284 ఇస్తే 440 హెర్ట్జ్ పలుకుతుంది. 1023కి మించిన అంకె పట్టదు. అందుకే ఆ స్వరాలు 122 హెర్ట్జ్ కిందికి దిగలేవు. ఆ చేతకానితనాన్ని కూడా ఎమ్యులేటర్ తు.చ. తప్పకుండా దించాలి. బాగుచేయబోతే చెడినట్టే!

తెలుగులో అనుకరణ అనేస్తాం గానీ, నాకు నేరెళ్ల వేణుమాధవ్ గారి ధ్వన్యనుకరణే దీనికి దగ్గరగా తోస్తుంది. రికార్డు పాడిందే పాడుతుంది. మిమిక్రీ కళాకారుడు ఆ గొంతు చేత ఎన్నడూ అనని మాట కూడా అనిపిస్తాడు. ఎమ్యులేటర్‌కు నిన్న రాసిన బాణీ ఇచ్చినా 1980ల గొంతుతోనే వాయిస్తుంది.